మనుషుల్ని మార్చకుండా టీమ్‌ని మార్చడం: జట్టు సంస్కృతికి సమగ్ర మార్గదర్శి

"మా టీమ్‌లో మనుషులే సరైనవాళ్ళు కాదండీ, ఎంత చెప్పినా అంతే" అనే మాట ఏ ఆఫీసులో అడిగినా వినిపిస్తుంది. ఐటీ కంపెనీ అయినా, ప్రైవేటు స్కూలైనా, పది బెడ్ల నర్సింగ్ హోమ్ అయినా ఇదే మాట. ఈ మాట నమ్మేవాళ్ళకి ముందుగా ఒక కార్ల ఫ్యాక్టరీ కథ చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైతే తప్ప కింద రాసిన అడుగులు దండగ అనిపిస్తాయి.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కి ఒక ఫ్యాక్టరీ ఉండేది. పనివాళ్ళలో ఐదింట ఒకరు రోజూ డుమ్మా, యాజమాన్యానికీ యూనియన్‌కీ నిత్యం గొడవ, తయారైన కార్లలో నాణ్యత అంతంతమాత్రం. 1982లో మూసేశారు. 1984లో టొయోటాతో కలిసి, నుమ్మి అనే పేరుతో అదే చోట మళ్ళీ తెరిచారు. తీసుకున్నవాళ్ళలో అత్యధికులు పాత పనివాళ్ళే, యూనియన్ కూడా పాతదే. వాళ్ళలో కొందరిని జపాన్ పంపి, టొయోటా ఫ్యాక్టరీలో అక్కడివాళ్ళ పక్కన నిలబెట్టి పని నేర్పించారు. కొద్ది కాలానికే ఆ ఫ్యాక్టరీ నాణ్యత జనరల్ మోటార్స్ మొత్తంలోనే మేటిగా నిలిచింది, గైర్హాజరు అట్టడుగుకి పడిపోయింది. మనుషులు వాళ్ళే. మారిందల్లా రోజూ పని జరిగే తీరు, ముఖ్యంగా సమస్య వచ్చినప్పుడు ఎవరు ఏం చేస్తారన్నది.

కాబట్టి మీ టీమ్‌ని తిట్టుకోవడం కాసేపు పక్కన పెట్టండి. ఎనిమిది నుంచి పదిహేను మంది దాకా ఉన్న టీమ్ మీ చేతిలో ఉందనుకుని ఇది రాస్తున్నాను. అంతకన్నా పెద్దదైతే ముందు చిన్న టీమ్‌లుగా విడగొట్టండి, నలభై మందికి ఒకేసారి ఎవరూ అలవాట్లు నేర్పలేరు.

మొదటి అడుగు: మార్చే ముందు చూడండి

కొత్తగా టీమ్ చేతికొచ్చిన లీడ్‌లు చాలామంది మొదటి వారంలోనే "మన విలువలు" అని ఒక స్లయిడ్ తయారు చేస్తారు. వద్దు. మూడు నాలుగు వారాలు నోరు తగ్గించి చూడండి. మీటింగ్‌లో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు ఎప్పుడూ మాట్లాడరు? మీటింగ్ అయిపోయి టీకి వెళ్ళాక అసలు మాటలు బయటికొస్తున్నాయా? మధ్యాహ్నం ఎవరు ఎవరితో డబ్బా విప్పుతున్నారు? ఒకరు సెలవు పెడితే వాళ్ళ పని ఎవరు అందుకుంటున్నారు, అడిగితే అందుకుంటున్నారా, అడక్కుండానేనా? పోయిన ఏడాది పెద్ద తప్పు జరిగినప్పుడు దాని గురించి మొదట ఎవరికి తెలిసింది, పైవాళ్ళకి ఎన్ని రోజులకి తెలిసింది?

ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు దొరికితే మీ టీమ్ సంస్కృతి సగం తెలిసినట్టే. సంస్కృతి అంటే మనం గోడ మీద రాసుకునే మాటలు అనుకుంటాం గానీ, కొత్తగా చేరిన కుర్రాడు నెల రోజుల్లో చూసి నేర్చుకునేది వేరే ఉంటుంది. ఇక్కడ ఎవరికి మెప్పు వస్తుంది, ఎవరికి చీవాట్లు పడతాయి, ఏం చెప్తే చిక్కుల్లో పడతాం అన్నవి ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకుంటాడు.

ప్రతి ఒక్కరితో విడిగా అరగంట కూర్చోండి. "నీ సమస్యలేంటి" అని అడిగితే "ఏం లేవు సార్" అనే వస్తుంది. బదులుగా "పోయిన నెలలో ఏ రోజు ఇంటికెళ్ళేటప్పుడు చికాగ్గా అనిపించింది, ఆ రోజు ఏం జరిగింది?" అని అడగండి. ఒక సంఘటన గురించి అడిగితే మనుషులు చెప్తారు, అభిప్రాయం అడిగితే జాగ్రత్త పడతారు. విన్నది రాసుకోండి, కానీ ఎవరు చెప్పారన్నది పొరపాటున కూడా ఇంకొకరి దగ్గర అనకండి. ఒక్కసారి అలా జరిగితే మళ్ళీ ఏడాది పాటు ఎవరూ నిజం చెప్పరు.

రెండో అడుగు: కొన్నే నియమాలు, అందరి కళ్ళ ముందు

జట్టు పద్ధతుల గురించి నేర్చుకోవాలంటే విదేశాల దాకా వెళ్ళక్కర్లేదు, మన ఊళ్ళలో మహిళా సంఘాలున్నాయి. 1980లలో డ్వాక్రా పథకంతో మొదలై, 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ (సంఘాలకి నేరుగా బ్యాంకు అప్పు ఇప్పించే) ప్రయోగం చేశాక, 2000 తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం పేర్లతో తెలుగు నేల మీద లక్షల సంఘాలయ్యాయి. ఎక్కువమంది పెద్దగా చదువుకోనివాళ్ళు, చాలామందికి అంతకు ముందు బ్యాంకు మెట్లెక్కిన అలవాటు లేదు, అయినా కోట్ల రూపాయల అప్పులు తీసుకుని తిరిగి కట్టారు. ఎలా? వాళ్ళకున్నవి ఐదు సూత్రాలు, పంచసూత్రాలు అంటారు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అంతర్గతంగా అప్పులివ్వడం, సకాలంలో తిరిగి చెల్లించడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. తర్వాత దేశవ్యాప్తంగా వచ్చిన గ్రామీణ జీవనోపాధుల మిషన్ కూడా వీటినే ప్రమాణంగా పెట్టుకుంది.

ఆ ఐదూ మళ్ళీ చదవండి. వాటిలో "నిజాయితీగా ఉండాలి", "ఒకరినొకరు గౌరవించుకోవాలి" అన్న మాట ఒక్కటి కూడా లేదు. అన్నీ చేసే పనులే, చేశారా లేదా అని ఎవరైనా చూసి చెప్పగలిగినవే. నా దృష్టిలో అసలు కిటుకు ఇదే.

బాగా నడిచే సంఘం సమావేశం చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. చాప పరిచి గుండ్రంగా కూర్చుంటారు, లీడర్ కూడా అదే చాప మీద. హాజరు పిలుస్తారు. రానివాళ్ళు ఎందుకు రాలేదో పక్కింటావిడ చెప్తుంది, కారణం లేకపోతే జరిమానా, ఆ జరిమానా ఎంతో సంఘమే ముందు నిర్ణయించుకుంటుంది. పొదుపు డబ్బులు మధ్యలో పెట్టి అందరూ చూస్తుండగా లెక్కపెడతారు. ఎవరెంత కట్టారో బుక్‌కీపర్ పైకి చదువుతూ రాస్తుంది, కట్టినావిడ తన పాస్‌బుక్కులో పడిందో లేదో చూసుకుంటుంది. ఎవరికైనా అప్పు కావాలంటే "దేనికి?" అని అందరి ముందే అడుగుతారు. గేదె కోసం ఒకావిడ అడిగింది, పిల్ల ఫీజు కోసం ఇంకొకావిడ అడిగింది, ఉన్న డబ్బు ఒకరికే సరిపోతుంది అనుకోండి, ఎవరికి ముందు ఇవ్వాలో వాళ్ళే తేల్చుకుంటారు. తేల్చింది తీర్మానంగా రాసి, చదివి వినిపించి, సంతకాలో వేలిముద్రలో వేయిస్తారు. ఇందులో ఒకరినొకరు నమ్మి తీరాలన్న షరతు మొదట ఎవరూ పెట్టలేదు. లావాదేవీ అంతా కళ్ళ ముందే జరగడం వల్ల, నెలలు గడిచేకొద్దీ నమ్మకం దానంతటదే వచ్చింది.

ఇప్పుడు మీ టీమ్ సంగతి. అందర్నీ కూర్చోబెట్టి ఇలా అడగండి: "మనందరం తప్పకుండా పాటించగలిగిన నాలుగైదు పనులేంటి?" ఐదు దాటనివ్వకండి. ప్రతిదీ కళ్ళకి కనిపించే పనై ఉండాలి. "బాధ్యతగా ఉండాలి" అని ఎవరైనా అంటే "బాధ్యతగా ఉన్నారని మనకెలా తెలుస్తుంది?" అని అడగండి, అప్పుడు అసలు నియమం బయటికొస్తుంది. ఉదాహరణకి: డెడ్‌లైన్ దాటేలా ఉంటే దాటాక కాదు, అనుమానం వచ్చిన రోజే చెప్పాలి. ఒకరి పనిని ఇంకొకరు చూడకుండా బయటికి పంపకూడదు. మీటింగ్‌లో తీసుకున్న నిర్ణయం అదే రోజు రాసి అందరికీ పంపాలి. సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయాలంటే నిజంగా కొంప మునిగే పనై ఉండాలి, ఆ "కొంప మునిగే పని" అంటే ఏంటో కూడా ముందే రాసుకోవాలి.

ఇంకో మాట. నియమం తప్పితే ఏం జరుగుతుందో కూడా వాళ్ళనే తేల్చనివ్వండి, ఆ నియమం మీకూ వర్తించాలి. మీరు మీటింగ్‌కి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఏమీ జరగనట్టు కూర్చుంటే ఆ రోజుతో ఆ నియమం చచ్చిపోయినట్టే.

మూడో అడుగు: చెడు వార్త తెచ్చినవాడికి ఏం జరుగుతుంది

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే తప్పుల మీద అధ్యయనం చేశారు. మంచి టీమ్‌లలో తప్పులు తక్కువుంటాయి అనుకుని మొదలుపెడితే లెక్కలు తలకిందులుగా వచ్చాయి, మంచి టీమ్‌లుగా తేలినవాటిలోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే, వాళ్ళు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచడం లేదు. మిగతా వార్డుల్లో హెడ్ నర్సుకి భయపడి తప్పులు కప్పేస్తున్నారు. దీని మీదే ఆమె 1999లో, మాట్లాడితే ఏమవుతుందోనన్న భయం లేని టీమ్‌లు బాగా నేర్చుకుంటాయని చూపించారు. తర్వాత గూగుల్ తమ కంపెనీలోనే 180 టీమ్‌లని పరిశీలించినప్పుడు కూడా, టీమ్‌లో ఎవరెవరు ఉన్నారన్న దానికన్నా ఈ భయం లేకపోవడమే పెద్ద తేడాగా తేలింది.

టొయోటా వాళ్ళు దీన్ని ఒక తాడుగా కట్టారు. అసెంబ్లీ లైన్ పొడుగునా ఆండన్ అనే తాడు ఉండేది. ఏ పనివాడైనా తేడా కనిపిస్తే దాన్ని లాగే వీలుండేది. లాగగానే టీమ్ లీడర్ పరిగెత్తుకొచ్చేవాడు, ఆ కాస్త సమయంలో సరిదిద్దలేకపోతే లైన్ ఆగిపోయేది. పాత ఫ్రీమాంట్‌లో లైన్ ఆపడమంటే మహాపరాధం, తప్పుగా బిగించిన కారు అలాగే ముందుకెళ్ళిపోయేది. నుమ్మిలో అదే మనుషుల చేతికి తాడు ఇచ్చారు. తాడు కట్టడం సులువు, లాగినవాడి దగ్గరికి వచ్చిన లీడర్ మొదట ఏమంటాడన్నదే కష్టం.

మీ ఆఫీసులో ఆ క్షణం ఇలా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం, సోమవారం సాఫ్ట్‌వేర్ రిలీజ్. జూనియర్ కుర్రాడు మీ టేబుల్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, పేమెంట్ దగ్గర ఒక ఇష్యూ ఉంది. నిన్ననే చూశా గానీ..." అంటాడు.

"నిన్న చూసి ఇవాళ చెప్తున్నావా?" ఈ మాట నాలుక చివరికి వచ్చేస్తుంది, న్యాయంగా చూస్తే ఆ ప్రశ్నలో తప్పు కూడా లేదు. కానీ చుట్టుపక్కల హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఆరుగురూ పాట ఆపేసి వింటున్నారని గుర్తుంచుకోండి. మీరు ఆ మాట అన్నారంటే ఆ ఆరుగురూ నేర్చుకునేది ఒకటే, ఆలస్యమైతే ఇక చెప్పకుండా ఉండటమే మేలని. దాని బదులు ఇలా అని చూడండి: "చెప్పావు, మంచి పని చేశావు. కస్టమర్ డబ్బు పోయే ఇష్యూనా, స్క్రీన్ మీద కనిపించేదేనా? నీకు ఇప్పుడు ఎవరి సాయం కావాలి?" మొదట ప్రమాదం ఎంతో తేల్చండి, తర్వాత సాయం ఇవ్వండి. అంతా సర్దుకున్నాక, సోమవారమో మంగళవారమో, విడిగా కూర్చుని "చూసిన రోజే చెప్పడానికి ఏం అడ్డమొచ్చింది?" అని అడగండి. జవాబులో మీకు పనికొచ్చేది ఉంటుంది. మీరు అప్పుడు క్లయింట్ కాల్‌లో ఉండి చిరాగ్గా కనిపించి ఉండొచ్చు, లేదా సీనియర్ ఒకడు "ఇంత చిన్నదానికి చెప్పకు" అని ఉండొచ్చు.

దీన్నే అలవాటుగా మార్చాలంటే ఒక చిన్న పని చేయండి. వారంలో ఒక మీటింగ్‌లో ప్రతి ఒక్కరూ "ఈ వారం నాకు టెన్షన్ పెడుతున్నది ఒకటి" చెప్పాలి, మీతో మొదలుపెట్టి. మీరు నిజమైనదే చెప్పండి, "అంతా బాగానే ఉంది, కాస్త పని ఎక్కువ" అని తప్పించుకుంటే అందరూ అదే చెప్తారు. ఎవరైనా పెద్ద సమస్య ముందుగా బయటపెడితే దాని వల్ల ఏ నష్టం తప్పిందో అందరి ముందు వివరంగా చెప్పండి. చప్పట్లు అక్కర్లేదు, ఆ వివరమే చాలు.

నాలుగో అడుగు: తప్పు జరిగాక బయట ఎవరు నిలబడతారు, లోపల ఏం జరుగుతుంది

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం జరిగింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లోపం వచ్చి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. విలేకరుల ముందుకి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ తనే వెళ్ళారు, తన టీమ్ మీద తనకి నమ్మకం ఉందని, మళ్ళీ ప్రయత్నించి సాధిస్తారని చెప్పారు. తర్వాతి ఏడాది, 1980 జులై 18న, అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు ధవన్ పక్కకి తప్పుకుని, ప్రెస్‌తో నువ్వే మాట్లాడమని కలాంని పంపారు. కలాం గారు రాష్ట్రపతి అయ్యాక కూడా ఎన్నో సభల్లో పిల్లలకి ఈ సంగతే చెప్పేవారు. శ్రీహరికోట కేంద్రానికి ఇప్పుడు ధవన్ గారి పేరే ఉంది.

ఈ కథని చాలామంది పెద్దమనసు కథగా చెప్పుకుని వదిలేస్తారు. నాకు అందులో కనిపించే పాఠం ఇంకాస్త గట్టిది. బయట టీమ్‌ని కాపాడినంత మాత్రాన లోపల ఎవరూ ఏమీ అడగలేదని కాదు. ఎక్కడ లోపం జరిగిందో కూలంకషంగా తవ్వారు కాబట్టే ఏడాదిలోపే రాకెట్ మళ్ళీ లేచింది. బయట నిందపడితే మోసేది లీడర్, లోపల లెక్క తేల్చేది అందరూ. ఈ రెండిట్లో ఏది తగ్గినా పని చెడుతుంది. బయట కాపాడి లోపల అడగకపోతే టీమ్ మెత్తబడుతుంది. లోపల కడిగేసి బయట కూడా వాళ్ళ పేర్లే చెప్తే మిగిలేది భయమే.

లోపలి మీటింగ్ ఎలా పెట్టాలంటే: ఘటన జరిగిన రెండు మూడు రోజుల్లో, గంటన్నర మించకుండా. ముందు ఏ టైమ్‌కి ఏం జరిగిందో బోర్డు మీద వరసగా రాయండి, అందులో అభిప్రాయాలు వద్దు. తర్వాత ప్రతి మలుపు దగ్గరా "ఆ టైమ్‌కి తనకి తెలిసిన దాన్ని బట్టి ఆ పని ఎందుకు సబబనిపించింది?" అని అడగండి. "ఎవరు చేశారు" అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా "దాన్ని చేయనిచ్చిన పద్ధతి ఏది" వైపు తిప్పండి. పరీక్ష లేకుండా కోడ్ వెళ్ళిపోయిందంటే, వెళ్ళనిచ్చిన దారి ఒకటి ఉంది. ఒకే రకం ప్యాకింగ్‌లో ఉన్న రెండు మందులు పక్కపక్కన పెట్టి ఉంటే నర్సుని తిట్టి లాభం లేదు, అర మార్చాలి. చివర్లో రెండు మార్పులే రాసుకోండి, ఎవరు, ఏ తేదీకల్లా అన్నది పక్కన రాయండి. పదిహేను మార్పులు రాసుకున్న టీమ్ ఒక్కటీ చేయదు.

తెలిసి తెలిసి చేసిన మోసం, దాచిపెట్టడం, ఇంకొకరి మీదకి నెట్టడం మాత్రం వేరే లెక్క. వాటిని ఈ మీటింగ్‌లోకి తేకండి, విడిగా, గట్టిగా చూడండి.

ఐదో అడుగు: మీటింగ్‌లో చిన్నవాళ్ళ గొంతు

మన దగ్గర పెద్దవాళ్ళు మాట్లాడాక చిన్నవాళ్ళు ఎదురు చెప్పరు. ఇది చెడ్డ గుణమేం కాదు, ఇంట్లో అలాగే పెరిగాం. దాన్ని మార్చమని పోరాడేకన్నా వరస మార్చేయండి. జూనియర్‌లు ముందు చెప్పాలి, సీనియర్‌లు తర్వాత, మీరు ఆఖర్న. పెద్ద నిర్ణయమైతే మాట్లాడే ముందు అందరూ ఒక చీటీ మీద తమ అభిప్రాయం రాసుకోవాలి, తర్వాత చదవాలి. రాసుకున్నది ఎదురుగా ఉంటే పెద్దాయన చూపుకి మాట మార్చుకోవడం తగ్గుతుంది.

ఆపరేషన్ థియేటర్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టులో, కోత పెట్టే ముందు అక్కడున్న ప్రతి ఒక్కరూ తమ పేరు, చేసే పని చెప్పుకోవాలన్న అంశం ఒకటి ఉంది. సర్జన్ దగ్గర్నుంచి నర్సు దాకా అందరూ. ఒకసారి గొంతు విప్పినవాళ్ళకి రెండోసారి "డాక్టర్ గారూ, ఆగండి" అనడం తేలికవుతుంది. మీ మీటింగ్ మొదటి రెండు నిమిషాల్లోనే ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మాట్లాడేలా చూడండి, "నాకు ఇవాళ ఇది తేలాలి" అన్న ఒక్క వాక్యం చాలు.

భాష సంగతి కూడా. ఇంగ్లిష్ ధారాళంగా రానివాళ్ళు మీ టీమ్‌లో ఉంటే వాళ్ళ తెలివి సగం మీకు దక్కడం లేదు. లోపలి మీటింగ్‌లో తెలుగులో చెప్పడం అందరికీ అర్థమయ్యేట్టయితే చెప్పనివ్వండి. అయితే టీమ్‌లో ఒక్క తమిళమ్మాయో, బిహారీ కుర్రాడో ఉన్నా, ఆ మనిషి ఉన్నప్పుడు గంటసేపు తెలుగులో నవ్వుకోవడం అన్యాయం.

ఆరో అడుగు: "మనవాడు" అనే మాట

దీని గురించి మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఎవరూ చెప్పరు, మన ఆఫీసుల్లో మాత్రం పెద్ద సమస్య. ఒకే ఊరు, ఒకే కాలేజీ, ఒకే కులం వాళ్ళు ఒక చోట చేరతారు, మంచి ప్రాజెక్టులు ఆ వైపు వెళ్తాయి, ఆన్‌సైట్ (విదేశంలో క్లయింట్ దగ్గర పనిచేసే) అవకాశం వచ్చినప్పుడు "మనవాడే" అన్న మాట నడుస్తుంది. బయట ఉన్నవాళ్ళకి ఇది మొదటి నెలలోనే అర్థమైపోతుంది, పైకి ఒక్క మాట అనరు, వేరే ఉద్యోగం వెతుక్కుంటారు. ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంకో రూపంలో ఉంటుంది. అసలు నిర్ణయాలు రాత్రి పార్టీల్లోనో, సిగరెట్ కొట్టు దగ్గరో జరిగిపోతాయి, మర్నాడు మీటింగ్‌లో వాళ్ళకి తెలియజేస్తారు.

దీనికి ఉపన్యాసం పని చేయదు. పని పంచే తీరు మార్చాలి. ఎవరికి ఏ ప్రాజెక్టు ఇచ్చారో, ఎందుకిచ్చారో ఒక షీట్‌లో రాసి అందరికీ కనిపించేలా పెట్టండి. ఆరు నెలలకోసారి మీరే ఆ షీట్ చూసుకుని, మంచి పని ఎవరి దగ్గర పోగవుతోందో లెక్కపెట్టండి. ఆఫీసు బయట తేల్చిన ఏ విషయమైనా, మీటింగ్‌లో మళ్ళీ మొదటి నుంచి చర్చించాకే నిర్ణయమైనట్టు అని నియమం పెట్టండి. కులం, ప్రాంతం, యాస మీద జోకు వేస్తే అక్కడే, అప్పుడే, అందరి ముందే "ఇక్కడ ఇది వద్దు" అనండి. ఒక్క వాక్యం చాలు. విని ఊరుకున్నారంటే మీరు ఒప్పుకున్నారనే లెక్క.

ఏడో అడుగు: మెప్పు, రేటింగ్, జీతం

మీరు సహకారం గురించి ఎంత మాట్లాడినా, అప్రైజల్‌లో, అంటే ఏటా పనితీరుకి రేటింగ్ ఇచ్చేటప్పుడు, ఒకరి మీద ఒకరిని పోటీ పెడితే అప్రైజలే గెలుస్తుంది. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ళ తరబడి టీమ్‌లో కొంతమందికి తప్పనిసరిగా తక్కువ రేటింగ్ ఇవ్వాల్సిన పద్ధతి ఉండేది. పది మందీ బాగా చేసినా ఎవరో ఒకరు కింద ఉండాల్సిందే. అలాంటి చోట పక్కవాడికి సాయం చేయడమంటే మన రేటింగ్ మనమే తగ్గించుకోవడం. 2013లో దాన్ని ఎత్తేశారు. 2014లో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల సీఈఓ అయ్యాక కంపెనీ తీరు మారిందని అందరూ చెప్పుకుంటారు గానీ, ఆ మార్పుకి నేల చదును చేసింది ఈ నిర్ణయమని నేనంటాను. 2013 తర్వాత అక్కడ సొంతంగా ఏం చేశావన్న దానితో పాటు, ఇతరుల విజయానికి ఏం తోడ్పడ్డావు, ఇతరులు చేసిన పనిని ఎలా వాడుకున్నావు అని కూడా చూడటం మొదలుపెట్టారు.

కంపెనీ అప్రైజల్ పద్ధతి మీ చేతిలో లేకపోవచ్చు. అయినా మీరు రాసే రివ్యూ మీ చేతిలో ఉంది. ప్రతి ఒక్కరి రివ్యూలో "ఈ ఏడాది ఎవరికి ఏ సాయం చేశారు" అన్న పేరా తప్పకుండా రాయండి, దానికోసం ముందే టీమ్‌లో అందర్నీ "నీకు ఎవరు సాయపడ్డారు?" అని అడగండి. ఎప్పుడూ తెర ముందుకి రాని మనిషి పేరు ఐదుగురి నోట వినిపిస్తే అప్పుడు తెలుస్తుంది టీమ్ ఎవరి మీద నిలబడిందో.

పైవాళ్ళకి మెయిల్ పంపేటప్పుడు పని చేసినవాళ్ళ పేర్లు రాయండి, వాళ్ళనీ కాపీలో పెట్టండి.

ఎనిమిదో అడుగు: బాగా పని చేస్తూ అందర్నీ తొక్కేసే మనిషి

ప్రతి టీమ్‌కీ ఒకరుంటారు. పనిలో దిట్ట, క్లయింట్‌కి తనే కావాలి, కానీ జూనియర్‌ల మీద అరుస్తాడు, తెలిసింది పంచడు, మీటింగ్‌లో ఎదుటివాళ్ళని చిన్నబుచ్చుతాడు. లీడ్‌లు భయపడి వదిలేస్తారు. చూస్తున్న పది మందికీ "పని బాగుంటే ఇక్కడ ఏమైనా చేయొచ్చు" అని అర్థమవుతుంది. మీరు పెట్టుకున్న ఐదు నియమాలకీ ఆ రోజుతో విలువ పోతుంది.

ముందు విడిగా, నేరుగా, జరిగిన సంఘటనతో మాట్లాడండి: "మంగళవారం మీటింగ్‌లో ఆ అమ్మాయి మాట మధ్యలో ఆపి నువ్వు అన్న మాట ఇది. అలాంటిది మళ్ళీ జరగకూడదు." స్వభావం గురించి మాట్లాడితే వాదన అవుతుంది, సంఘటన గురించి మాట్లాడితే ఒప్పుకోక తప్పదు. అదే సమయంలో అతని దగ్గరే ఉన్న పరిజ్ఞానాన్ని ఇంకో ఇద్దరికి నేర్పించే పని అతనికే అప్పగించండి, గడువు పెట్టండి. రెండు మూడు నెలల్లో మార్పు లేకపోతే టీమ్ నుంచి తప్పించండి. ఒక త్రైమాసికం పని కుంటుపడుతుంది, నిజమే. ఆ నష్టం భరించడానికి పైవాళ్ళని ముందే ఒప్పించి పెట్టుకోండి.

తొమ్మిదో అడుగు: వచ్చేవాళ్ళు, వెళ్ళేవాళ్ళు, దూరంగా ఉన్నవాళ్ళు

కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు ల్యాప్‌టాప్, లాగిన్ సిద్ధంగా ఉంచండి, మొదటి వారం మధ్యాహ్న భోజనం ఒంటరిగా తిననివ్వకండి, అధికారం లేని ఒక తోటి ఉద్యోగిని తోడు పెట్టండి. నెల తర్వాత వాళ్ళని "ఇక్కడ నీకు వింతగా అనిపించినవి ఏంటి?" అని అడగండి. పాతవాళ్ళకి అలవాటైపోయి కనిపించనివి కొత్త కళ్ళకే కనిపిస్తాయి, మూడు నెలలు దాటితే వాళ్ళకీ కనిపించవు.

రాజీనామా చేసినవాళ్ళని నోటీస్ పీరియడ్‌లో వెలివేసినట్టు చూడకండి. వెళ్ళేవాళ్ళని ఎలా పంపుతారో చూసే మిగిలినవాళ్ళు తమ గురించి అంచనా వేసుకుంటారు.

ఇంటి నుంచి పని చేసేవాళ్ళు, వేరే షిఫ్టువాళ్ళు ఉంటే ఒకటే సూత్రం: రాయండి. ఆఫీసులో టీ దగ్గర అనుకున్నది కూడా గ్రూపులో రాయాలి. మీటింగ్‌లో ఒక్కరు ఆన్‌లైన్‌లో ఉన్నా మొదటి ప్రశ్న వాళ్ళనే అడగండి. రాత్రి షిఫ్టు వాళ్ళకి అనుకూలమైన టైమ్‌లో నెలకోసారైనా మీటింగ్ పెట్టండి, అస్తమానం వాళ్ళే నిద్ర మానుకుని రావడం సబబు కాదు.

పదో అడుగు: పనిచేస్తోందా లేదా

మొదటి రెండు నెలల్లో పెద్దగా ఏమీ కనిపించదు, పైగా సమస్యలు పెరిగినట్టు అనిపిస్తుంది. దాచినవి బయటికొస్తున్నాయి కాబట్టి. ఆ దశలో చాలామంది లీడ్‌లు బెంబేలెత్తి పాత పద్ధతికి పోతారు, పైఅధికారికి కూడా ఇది ముందే చెప్పి ఉంచండి. ఆరు నెలలకి చూడాల్సినవి: సమస్య మొదట కనిపించిన రోజుకీ మీకు తెలిసిన రోజుకీ మధ్య దూరం తగ్గిందా? మీ మాటకి ఎవరైనా మీ ముందే అడ్డు చెప్తున్నారా? మీరు చెప్పకుండానే ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారా? పెట్టుకున్న నియమాన్ని మీరు కాకుండా ఇంకెవరైనా గుర్తుచేస్తున్నారా?

ఏడాదికోసారి ఆ నాలుగైదు నియమాల కాగితం మళ్ళీ మధ్యలో పెట్టి, ఏది పాటించడం లేదో, ఏది అక్కర్లేదో టీమ్‌నే తేల్చనివ్వండి. పాటించనిది కొట్టేయండి, ఉత్తుత్తిగా ఉంచకండి.

మహిళా సంఘాల్లో లీడర్లు కొన్నేళ్ళకి మారాలన్న నియమం ఉంటుంది. మార్చని సంఘాల్లో లెక్కలన్నీ ఒక్కావిడ చేతికే పోయి, ఆమె లేకపోతే సమావేశమే జరగదు. మీ టీమ్‌లో కూడా వారం మీటింగ్ నడిపే పని నెలకొకరికి ఇవ్వండి, సిగ్గుపడే మనిషికి కూడా, కావాలంటే మొదటిసారి పక్కన కూర్చుని సాయం చేయండి. ఆ తర్వాత మీరు రెండు వారాలు సెలవు పెట్టండి, నిజమైన సెలవు, మెయిల్ చూడకుండా. తిరిగొచ్చాక మీటింగ్ తీర్మానాలు తెరిచి చదవండి. సమావేశం జరిగిందా, ఎవరెవరు మాట్లాడారు, చెడు వార్త ఏదైనా అందులో ఉందా అన్నది చూస్తే తర్వాత ఏ అడుగు మీద పని చేయాలో మీకే తెలుస్తుంది.